అలవాటు లేనివాడి మొదటి సిట్టింగు

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, కుర్రాణ్ణి హాస్టల్లో చేర్చేటప్పుడు తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "అలవాట్లేమైనా ఉన్నాయా?" ఏ అలవాట్లో ఎవరూ విడమరచి చెప్పరు. "మావాడికి ఏ అలవాటూ లేదండీ" అని తండ్రి అన్నాక ఆ సంగతి అక్కడితో సరి. ఒడిశాలోని పర్లాకిమిడిలోనో, గుణుపూర్‌లోనో, బరంపురంలోనో, రాయగడలోనో పిల్లవాణ్ణి ఇంజనీరింగులోనో బీఎస్సీలోనో చేర్చి, బకెట్టూ పరుపూ కొనిచ్చి, సాయంత్రం బస్సెక్కే తల్లిదండ్రులు వార్డెన్‌కి చివరగా చెప్పి వెళ్లే మాట కూడా ఇదే. అది చాలావరకు నిజమే. ఇంటర్ అయ్యేదాకా చుక్క ముట్టని పిల్లలే ఎక్కువ.

చిక్కు ఆ నిజంలోనే ఉంది. మొదటి సంవత్సరం విద్యార్థి ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా అలవాటైన తాగుడుతో కాదు. అలవాటు లేనివాడు ఒక్క రాత్రి, ఒక్క సిట్టింగులో, ఎంతో తెలియకుండా తాగినదానితో. ఎంత తాగితే ఏమవుతుందో అతని ఒంటికి తెలియదు, పక్కన కూర్చున్నవాడికీ తెలియదు. ఇంట్లో ఆ ముచ్చట ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అతనికి ఏ అలవాటూ లేదు.

తాగుడు గురించి మన భాషలో మాటలకు కొదవ లేదు గానీ అవన్నీ మనిషికి అంటించే ముద్రలు. ఒక చివర ‘బుద్ధిమంతుడు’, ఇంకో చివర ‘తాగుబోతు’. నడుమ ‘సరదాకి’, ‘అప్పుడప్పుడు’, ‘పార్టీల్లో మాత్రమే’ అన్న మాటలున్నాయి. అవి ఎన్నిసార్లో చెబుతాయి, ఎంతో చెప్పవు. ఏడాదికి మూడుసార్లే తాగినవాడు ఆ మూడుసార్లూ వాంతులు చేసుకుని పడిపోయేంత తాగి ఉండొచ్చు. అతణ్ణి ఎవరూ తాగుబోతు అనరు, అతనూ అనుకోడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషిని వదిలేసి మోతాదును పట్టుకుంది అందుకే. గత 30 రోజుల్లో ఒక్కసారైనా, ఒకే సందర్భంలో 60 గ్రాములు లేదా అంతకు మించి స్వచ్ఛమైన ఆల్కహాల్ కడుపులోకి వెళ్తే దాన్ని అతిగా తాగడం కింద లెక్క వేస్తుంది.

60 గ్రాములంటే మన లెక్కలో ఒక క్వార్టర్. విస్కీ, రమ్ము, బ్రాందీ ఏదైనా సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 180 మిల్లీలీటర్లను గ్రాముల్లోకి మారిస్తే 60కి ఒక పిసరు ఎక్కువే వస్తుంది. ‘క్వార్టరే కదా’ అని తీసిపారేసే ఆ చిన్న సీసా, ఒక్కడే ఖాళీ చేస్తే, ఆ గీత మీద నిలబడి ఉన్నట్టే. బీరు అసలు మందే కాదని నమ్మేవాళ్లకు ఇంకో లెక్క. 8 శాతం ఉండే 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో సుమారు 41 గ్రాములుంటాయి. ఒకటిన్నర సీసా తాగితే అదే గీత.

ఆ క్వార్టర్ ఎవరి ఒంట్లోకి వెళ్తోందో కూడా చూడాలి. రెండేళ్లు ఇంటర్ హాస్టల్ మెస్సులో తిని వచ్చిన 55 కిలోల కుర్రాణ్ణి తీసుకుందాం. ఖాళీ కడుపుతో గంటలోపు క్వార్టర్ లాగిస్తే అతని రక్తంలో ప్రతి 100 మి.లీ.కి 150 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఆల్కహాల్ ఉంటుంది. బండి నడిపేవాడికి మోటారు వాహనాల చట్టం గీసిన గీత 30. అంటే ఐదు రెట్లు. రెండు క్వార్టర్లయితే 300 దరిదాపుల్లోకి వెళ్తుంది. అక్కడ మత్తు అన్న మాట సరిపోదు. ఊపిరిని నడిపించే మెదడు భాగమే మందగించడం మొదలుపెట్టే స్థాయి అది. ఒళ్లు దాన్ని వదిలించుకునే వేగం గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. రాత్రి 11కి 150 దగ్గర ఉన్నవాడు, పొద్దున్న 7కి ‘దిగిపోయిందిలే’ అనుకుని సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు బండి తిప్పేటప్పుడు కూడా చట్టం గీత దగ్గరే తచ్చాడుతుంటాడు. నిద్ర, నిమ్మరసం, మజ్జిగ, చన్నీటి స్నానం, స్ట్రాంగ్ కాఫీ, ఏదీ ఈ వేగాన్ని పెంచదు. కాలేయం తన తీరున తాను చేసుకుపోతుంది.

ఈ లెక్కలు ఎక్కడ తప్పుతాయో చూడాలంటే కాలేజీ దగ్గరి అద్దె గదిలోకి వెళ్లాలి. ముగ్గురుండే గదిలో ఏడుగురు కూర్చుంటారు. మధ్యలో పేపరు పరిచి మిక్చరు, పల్లీలు పోస్తారు. డిస్పోజబుల్ గ్లాసులు నాలుగే దొరికాయి, మిగతా ముగ్గురికి ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులు. అంచు కింద అమ్మ పేరు చెక్కి ఉన్న గ్లాసు. అందులో ఎంత పోశారో బయటికి కనపడదు. 7 సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసులో అడుగున ఒక వేలు మందం పోస్తేనే 60 మి.లీ. దాటుతుంది, అంటే రెండు పెగ్గుల పైమాటే. పోసేవాడు వేలు పెట్టి కొలవడు, చేతి వాటంగా వంచుతాడు. పైన కూల్‌డ్రింకు నిండుగా పోస్తే రుచి తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. ‘కానియ్, కానియ్’ అంటుంటే మొదటి గ్లాసు నాలుగు నిమిషాల్లో ఖాళీ. అప్పటికి కడుపులోంచి రక్తంలోకి చేరింది కొంచెమే. అతనికి ఏమీ అనిపించదు. "నాకు ఎక్కట్లేదురా" అంటాడు. ఎక్కే లోపే రెండోది వస్తుంది. తర్వాత తిందామని బిర్యానీ ప్యాకెట్లు గోడవార పెట్టి ఉంటాయి. ముందు తిని ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి చేరే వేగం బాగా తగ్గేది. మన సిట్టింగుల్లో వరస ఎప్పుడూ తలకిందులే: ముందు మందు, చివర్లో తిండి, తినగలిగితే.

‘ఎక్కట్లేదు’ అన్న ఆ మాట గురించి ఇంకొంచెం చెప్పాలి. హాస్టల్ భాషలో దానికి గౌరవం ఉంది. "వాడి కెపాసిటీ వేరు" అంటారు, మెచ్చుకోలుగా. ఎంత తాగినా తూలనివాడు హీరో, రెండు పెగ్గులకే తల వాల్చినవాడు నవ్వులపాలు. శాస్త్రం దీన్ని తిరగేసి చెబుతోంది. అమెరికన్ మానసిక వైద్యుడు మార్క్ షకిట్ దశాబ్దాల పాటు తాగుబోతు తండ్రుల కొడుకుల్ని గమనించి తేల్చిన విషయం ఇది: ఇరవై ఏళ్ల వయసులో ఆల్కహాల్‌కు ఒళ్లు తక్కువగా స్పందించేవాళ్లే తర్వాతి కాలంలో దానికి బానిసలయ్యే అవకాశం ఎక్కువ. ఆపమని చెప్పే గంట వాళ్లలో ఆలస్యంగా మోగుతుంది. పైగా ఆ వయసులో అందరికీ ఈ గంట కొంత మెల్లగానే మోగుతుందని జంతువుల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. నిద్ర ముంచుకు రావడం, కాళ్లు తడబడటం పెద్ద వయసు జంతువుల్లో కంటే లేత వయసువాటిలో తక్కువ. అటు తెగింపును అదుపుచేసే ముందరి మెదడు ఇరవై ఐదేళ్ల దాకా పూర్తిగా పక్వానికి రాదు. తమ్ముడి కెపాసిటీ చూసి మురిసిపోయే అన్నలు, అతను గ్లాసు తీసుకున్నప్పుడల్లా అందరికంటే ముందు అతని గురించే కంగారు పడాలని తెలుసుకోవాలి.

‘నిన్న రాత్రి ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు’ అని మర్నాడు నవ్వుతూ చెప్పుకునే సంగతీ అలాంటిదే. మత్తులో మరిచిపోవడం వేరు, అసలు జ్ఞాపకం తయారే కాకపోవడం వేరు. రక్తంలో ఆల్కహాల్ ఒక్కసారిగా పెరిగితే కొత్త జ్ఞాపకాల్ని నమోదు చేసే మెదడు భాగం పని ఆపేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, బండి కూడా నడుపుతాడు, ఏదీ లోపల రాసుకోదు. వేగంగా తాగినవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది.

మొదటి సంవత్సరమే ఎందుకు? అమెరికా ప్రభుత్వ మద్య పరిశోధన సంస్థ అక్కడి విశ్వవిద్యాలయాల గురించి చెప్పేదాంట్లో ఒక మాట మనకీ సరిగ్గా సరిపోతుంది: చేరిన మొదటి ఆరు వారాలే అత్యంత సున్నితమైన కాలం. స్నేహాలు కుదిరేది, ఎవరు ఏ బ్యాచో తేలేది అప్పుడే. మన దగ్గర ఆ ఆరు వారాలకు ఇంకో బరువు తోడవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది రెండేళ్లు రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో గడిపి వస్తారు. తెల్లవారుజామున 5 గంటలకు లేపడం, రాత్రి 10 దాకా స్టడీ అవర్, ఫోను లేదు, గేటు దాటడం లేదు, ఆదివారం కూడా పరీక్షే. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో కూడా వాళ్లు ఎంచుకోలేదు. అలాంటి పదిహేడేళ్ల పిల్లవాడి చేతికి ఒక్క ఆగస్టు నెలలో ఫోను, యూపీఐ, గది తాళం, అడిగే మనిషి లేని సాయంత్రం అన్నీ కలిసి వస్తాయి. వద్దనుకోవడం అనేది కూడా చేసి చేసి నేర్చుకునే పనే. దాన్ని నేర్చుకునే అవకాశమే ఆ రెండేళ్లూ అతనికి లేకుండా చేశాం. ఈ తప్పు పిల్లల మీద మోపడం అన్యాయం.

ఇక సీనియర్లు. ఒడిశా క్యాంపసుల్లో తెలుగు జూనియరు తెలుగు సీనియర్ని ‘అన్నా’ అంటాడు, ఒడియా సీనియర్ని ‘భాయినా’ అంటాడు. రెండు పిలుపుల్లోనూ వరస ఉంది, వరసలో మాట కాదనలేనితనం ఉంది. ఫ్రెషర్స్ పార్టీకి ముందో వెనకో గదికి పిలిచి, గ్లాసు చేతిలో పెట్టి "అన్న ఇస్తే కాదంటావా?" అనడంలో కొట్టడం, తిట్టడం ఏదీ లేదు కాబట్టి అది ర్యాగింగ్ అని ఎవరికీ తోచదు. యూజీసీ 2009 నిబంధనలు మాత్రం విద్యార్థి మామూలుగా చేయని పనిని చేయించి, సిగ్గుకో బాధకో గురిచేయడాన్ని కూడా ర్యాగింగ్ అనే అన్నాయి. ఆ నిబంధనలు వచ్చిన ఏడాదే మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే మొదటి సంవత్సరం విద్యార్థి, తాగి ఉన్న సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ర్యాగింగ్ ఫిర్యాదు కోసం 1800-180-5522 అనే ఉచిత నంబరు ఉంది. ప్రేమగా పోసిన గ్లాసు మీద ఫిర్యాదు చేయడానికి చాలామందికి నోరు రాదన్నదీ నిజమే.

సరిహద్దు అనే సంగతి ఇక్కడ వస్తుంది. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. మొదటి సంవత్సరం విద్యార్థికి ఉండేది 17, 18, మహా అయితే 19. లెక్కప్రకారం అతని చేతికి ఒక్క చుక్క చేరకూడదు. కౌంటరు దగ్గర వయసు అడిగే నాథుడు ఉండడు, ఉన్నా కొనేది సీనియరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. వియ్యాలు, సంతలు ఆ గీతను పెద్దగా లెక్కచేయలేదు, సీసా కూడా అంతే. మద్యం వాడకాన్ని తగ్గించడానికి ప్రపంచవ్యాప్తంగా బాగా పనిచేసిన ఉపాయాల్లో ధర పెంచడం ఒకటి. సరిహద్దు ఊళ్లో ఆ ఉపాయానికే చిల్లు. 2019 తర్వాత ఆంధ్రలో దుకాణాలు ప్రభుత్వమే నడిపి ధరలు బాగా పెంచినప్పుడు ఒడిశా సరుకు గీత దాటి ఆంధ్రలోకి పారింది. 2024 అక్టోబరులో ఆంధ్రలో ప్రైవేటు దుకాణాలతో పాటు 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. ఏ ప్రభుత్వం ఏం చేసినా పక్కనే ఇంకో ధర, ఇంకో దుకాణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. రెండు రాష్ట్రాలూ కలిసి మాట్లాడుకోనంత కాలం ఈ ఊళ్ల పిల్లల విషయంలో ధర అనే కంచె నిలబడదు.

చవకది వెతుక్కుంటూ పోతే ఇంకో ప్రమాదం. 2024 ఆగస్టులో గంజాం జిల్లా చికిటి ప్రాంతంలో సారా తాగి మనుషులు చనిపోయారు. కల్తీసారాలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిస్తే మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. పన్నెండు గంటలో, ఒక రోజో గడిచాక అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాల్ని కాలుస్తుంది. మర్నాడు కళ్ల ముందు పొగ కమ్మినట్టుంటే అది హ్యాంగోవర్ అనుకుని దుప్పటి ముసుగేస్తే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. ఆస్పత్రిలో దీనికి విరుగుడు ఉంది, వేళకు చేరితే.

‘ఈ ప్రాంతంలో తాగుడు ఆచారమే కదా’ అని కొట్టిపారేసేవాళ్లుంటారు. రాయగడ, గజపతి, కొరాపుట్ కొండల్లో జీలుగు కల్లు ఉంది, అక్కడివాళ్లు సలప అంటారు. ఇప్ప సారా ఉంది. ఆ కల్లుకు మాత్రం ఒక కట్టు ఉండేది. చెట్టు ఎవరిదో, ఎవరు ముందు తాగాలో, ఏ పండక్కి ఏ పూజ తర్వాత పంచాలో, అన్నిటికీ పెద్దలుండేవాళ్లు. దాని బలం కూడా విస్కీ, రమ్ముల ముందు ఏ మూలకీ రాదు. ఆ ఊళ్లలోనూ తాగుడు కొంపలు కూల్చింది, ఆడవాళ్లు సారా బట్టీల మీద తిరగబడాల్సి వచ్చింది, దాన్ని కప్పిపుచ్చి పాత రోజుల్ని పొగడక్కర్లేదు. అద్దె గదిలోని సిట్టింగు తీరు వేరు. అందులో కొండ ఆచారమూ లేదు, పల్లె కట్టూ లేదు. ఉన్నవాళ్లందరూ ఇరవై లోపువాళ్లు, చేతిలో ఉన్నది 42.8 శాతం సరుకు, ‘ఇక చాలు’ అని చెప్పే పెద్దమనిషి ఒక్కడూ లేడు.

పిల్లల్ని గ్లాసు వైపు తోసేవాటిలో అన్నిటికంటే బలమైనది, నా అంచనాలో, ఒక అబద్ధం: ‘అందరూ తాగుతున్నారు’. 1986లో వెస్లీ పెర్కిన్స్, అలన్ బెర్కోవిట్జ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక కాలేజీ విద్యార్థుల్ని పరిశీలించి, తోటివాళ్లు తాగే మోతాదును ప్రతివాళ్లూ అసలు కంటే ఎక్కువగా ఊహించుకుంటున్నారని గుర్తించారు. తర్వాత ఎన్నో చోట్ల అదే తేలింది. మన దగ్గర ఈ అబద్ధం ఇంకా పెద్దది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు 18.8 శాతం. ఒడిశాలో 28.8 శాతం. అంటే ఒడిశాలో కూడా పదిమంది మగవాళ్లలో ఏడుగురు తాగనివాళ్లే. హాస్టల్ కారిడార్లో మాత్రం ఈ ఏడుగురు కనపడరు. తాగినవాడి రాత్రికి కథ ఉంటుంది, వాట్సాప్ స్టేటస్ ఉంటుంది, వారం రోజులు నవ్వుకునే పేరు ఉంటుంది. పెరుగన్నం తిని, అమ్మతో ఫోన్లో మాట్లాడి పడుకున్నవాడి రాత్రికి కథ లేదు. కథ లేనివాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు.

తాగేవాళ్లు తక్కువే అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిపుణులు చేసిన 2019 నాటి సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారు, వాళ్లలో 5.7 కోట్ల మందికి అది సమస్యగా మారింది. తాగే ముగ్గురిలో ఒకరికి మించి. మన దేశంలో తాగడమంటే భోజనంతో ఒక గ్లాసు తీసుకోవడం కాదు, ఎక్కించుకోవడానికి తాగడం. ఆ తీరునే పిల్లలు మొదటి సిట్టింగులో నేర్చుకుంటారు.

వద్దనడానికి మన సంస్కృతి కొన్ని తలుపులు తెరిచి ఉంచింది. "ఇవాళ శనివారం, నేను ముట్టను" అంటే ఎంతటి సీనియరైనా రెండో మాట అనడు. "మాలలో ఉన్నాను" అంటే గ్లాసు పక్కన పెట్టి స్వామీ అని పిలుస్తాడు. "యాంటీబయాటిక్స్ వాడుతున్నా" అన్నా నడుస్తుంది. ఒడియావాళ్లు కార్తీకమంతా మాంసం మానేస్తారు, పున్నమి ముందరి ఐదు రోజులు మరీ నిష్ఠగా ఉంటారు. ఇష్టం లేదన్న ఒక్క కారణం తప్ప మిగతా కారణాలన్నీ చెల్లుతాయన్నమాట. ఇది బాధగానే ఉంటుంది గానీ, మొదటి ఆరు వారాలు గట్టెక్కడానికి ఆ తలుపులు వాడుకుంటే తప్పేమీ లేదు. ఒకటి గమనించాలి. పున్నమి మర్నాడు ఛాడఖాయి పేరుతో మాంసం దుకాణాల ముందు వరసలు కడతారు. మాల తీసిన రోజున ‘నలభై రోజుల బాకీ’ తీర్చుకునే కుర్రాళ్లూ ఉంటారు. నెలన్నర ముట్టని ఒళ్లు వెనకటి మోతాదును తట్టుకోలేదు. బాకీ తీర్చుకునే రాత్రే మామూలు రాత్రి కంటే ప్రమాదం.

ఆడపిల్లల గురించి మాట్లాడటమే మర్యాద కాదన్నట్టు ఊరుకుంటారు, దాంతో వాళ్ల ప్రమాదం మరింత చీకట్లో పడుతుంది. అదే బరువున్న మగపిల్లవాడి కంటే ఆడపిల్ల ఒంట్లో నీటి పాలు తక్కువ, అందుకని అంతే తాగినా రక్తంలో మోతాదు ఎక్కువగా ఉంటుంది. మత్తులో ఉండి ఏం జరుగుతోందో తెలియని స్థితిలో ఇచ్చిన అంగీకారం అంగీకారమే కాదని భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ చెబుతుంది. తాగినందుకు అమ్మాయిని నిందించే నోళ్లు ఈ సెక్షన్ని ఒకసారి చదవాలి.

ఇక ఆ రాత్రి. ఒకడు పడిపోయాడు. పిలిస్తే ఊఁ అనడం లేదు. గదిలో మొదట వినపడే మాట "పడుకోనీయండ్రా, పొద్దున్నకి సర్దుకుంటుంది". ప్రాణాలు తీసేది ఈ మాటే. పడిపోయినా కడుపులో మిగిలిన మందు ఇంకా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది, ఇంకో అరగంట, గంట దాకా మోతాదు పెరుగుతూనే ఉండొచ్చు. గొంతులో అడ్డం పడినదాన్ని దగ్గి బయటికి తోసే శక్తి మత్తులో పోతుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కాబట్టి ముందు అతణ్ణి ఒక పక్కకు తిప్పాలి. పైకాలు మోకాలు దగ్గర మడిచి నేలకు ఆనించాలి, పైచెయ్యి చెంప కింద పెట్టాలి, నోరు కిందివైపు వాలి ఉండాలి. వెనక్కి దొర్లకుండా వీపు వెనక పుస్తకాల బ్యాగు ఆనించాలి. తర్వాత ఫోను వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టాలి. నిమిషానికి ఎనిమిది కంటే తక్కువున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, గట్టిగా గిల్లినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, తల ఎక్కడైనా తగిలిందని అనుమానం ఉన్నా 108కి చేయాలి. నోట్లో వేలు పెట్టి కక్కించకూడదు. నీళ్లు, మజ్జిగ పోయకూడదు. బాత్రూంలో పెట్టి చన్నీళ్లు కుమ్మరించకూడదు, ముందే చల్లబడుతున్న ఒళ్లు అది. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

ఆ గదిలోని మిగతా ఆరుగురికీ ఇవన్నీ తెలిసినా ఫోను చేయరేమోనన్నది అసలు భయం. చేస్తే వార్డెన్‌కి తెలుస్తుంది, వార్డెన్ ఇంటికి చేస్తాడు, హాస్టల్ నుంచి పంపేస్తారు, పోలీసు కేసు అవుతుందేమో, నాన్న పరువు పోతుంది. అర్ధరాత్రి ఆ గదిలో లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి, పడిపోయినవాడి ఊపిరి మీద కాదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ఈ భయం మీదే గురిపెట్టింది. మత్తులో ప్రమాదంలో ఉన్న స్నేహితుడి కోసం సాయం పిలిచినవాడి మీద, ఆ పడిపోయినవాడి మీద క్రమశిక్షణ చర్య ఉండదని ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో సాయం కోసం పిలుపులు పెరిగాయి. తాగుడు మాత్రం దానివల్ల పెరిగినట్టు కనపడలేదు. మన విశ్వవిద్యాలయాలు ‘మద్యం దొరికితే బహిష్కరణ’ అని బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటున్నాయి. ఆ నిబంధన క్యాంపసులో తాగుడును ఆపలేదు, గేటు బయటి అద్దె గదికి, మామిడి తోటకు, మహేంద్రతనయ ఒడ్డుకు, గోపాల్‌పూర్ ఇసుకలోకి తోసింది. ఏటి నీళ్లు, సముద్రపు అలలు, గండాహతి జలపాతం దగ్గరి పాచి రాళ్లు మత్తులో ఉన్నవాడికి గది కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. నిబంధన ఉండాలంటే ఉండనివ్వండి. దాని కింద ఇంకో వాక్యం రాయాలి: స్నేహితుణ్ణి కాపాడటానికి ఫోను చేసినవాడికి శిక్ష లేదు. ఆ వాక్యం కింద రిజిస్ట్రార్ సంతకం ఉండాలి.

మొదటి వారం ఇండక్షన్‌లో గంటసేపు ‘మద్యం మహమ్మారి’ మీద ఉపన్యాసం ఇచ్చే బదులు మూడు ప్రశ్నల కాగితం ఒకటి పంచడం మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నల ఆడిట్ పరీక్షలో మొదటి మూడూ అవే. ఎన్నాళ్లకోసారి తాగుతావు? తాగిన రోజు ఎంత? ఒకే రోజు ఆరు డ్రింకులు లేదా అంతకు మించి ఎన్నాళ్లకోసారి? ఆరు డ్రింకులంటే 60 గ్రాములు, అంటే మన క్వార్టరే, ప్రశ్నను మన కొలతలో అడిగితే పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. మగపిల్లలకు 4, ఆడపిల్లలకు 3 మార్కులు లేదా అంతకు మించి వస్తే ఎవరైనా ఒకరు తలుపేసుకుని, తిట్టకుండా, అరగంట కూర్చుని మాట్లాడాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్ బృందం ఎక్కువగా తాగే మొదటి సంవత్సరం విద్యార్థులతో సరిగ్గా ఇలాగే కూర్చుని, వాళ్ల లెక్క వాళ్లకే చూపించి మాట్లాడింది. రెండేళ్ల తర్వాత చూసినా వాళ్ల తాగుడు, దాని నష్టాలు మిగతావాళ్ల కంటే తగ్గి కనపడ్డాయని 1998లో ప్రచురించింది. ఆ కూర్చునేవాళ్లు ఇక్కడ తెలుగులో మాట్లాడగలిగినవాళ్లయి ఉండాలి. మనసులో మాట వచ్చీరాని ఇంగ్లీషులోనో హిందీలోనో బయటికి రాదు. కూర్చునే మనిషి లేనిచోట మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మత్తు మానుకోవడానికి సాయం కావాలంటే 14446.

భాష సంగతి వచ్చింది కాబట్టి చివరిగా ఒకటి. పర్లాకిమిడి జిల్లా ఆస్పత్రి నుంచి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాలకు వంద కిలోమీటర్లకు పైనే. గుణుపూర్ నుంచి ఇంకా దూరం. రాత్రి రెండింటికి 108 ఎత్తిన మనిషి ఒడియాలో అడుగుతాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి రెండు నెలలైన కుర్రాడికి అప్పటికి వచ్చిన ఒడియా టీ కొట్టు దగ్గరి ఒడియానే. స్నేహితులు పడిపోయిన రాత్రి పనికొచ్చే మాటలు ఎవరూ నేర్పరు. మూడే ముక్కలు: మద పియిచి, అంటే మందు తాగాడు. చేతా నాహి, స్పృహ లేదు. జల్దీ ఆసంతు, తొందరగా రండి. తర్వాత గది ఏ వీధిలో ఉందో చెప్పాలి. అంబులెన్సు వచ్చేసరికి ఖాళీ సీసా చేతిలో పట్టుకుని, ఎన్ని గంటలకు మొదలైందో, అమ్మ పేరున్న గ్లాసులో ఎన్నిసార్లు పోశారో గుర్తు తెచ్చుకుని ఉండాలి. డాక్టరు అతని అలవాట్ల గురించి అడగడు, ఎంత తాగాడని అడుగుతాడు.